గౌరవమో భయమో

పెళ్ళికూతురి తల్లికి ఆ ఉదయం నూరు పనులుంటాయి. అర్గిరో మాత్రం వంటింటి గడప మీద కూర్చుని భర్త లాంబ్రోస్ బూట్లకు పాలిష్ పెడుతోంది.

గ్రీసులోని ఆ వోలోస్ ఊళ్ళో ఏ పెళ్ళిలోనైనా చర్చిలో చదివే లేఖనం చివర్లో ఒక మాట వస్తుంది. భార్య భర్తకు ‘ఫొవీతే’ అని, అంటే భయపడాలని. అది చెవిన పడగానే పెళ్ళికూతురు వరుడి కాలు తొక్కుతుంది, అందరూ నవ్వుతారు. ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం అర్గిరో కూడా తొక్కింది. లాంబ్రోస్ అందరితో పాటు నవ్వాడు. ఇంటికొచ్చాక చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. బూట్లు విప్పి ఆమె ముందు పెట్టాడు.

“మురికి చేసింది నువ్వేగా. తుడవాల్సిందీ నువ్వే.”

“తుడిస్తే చేతులేం అరిగిపోవులే అమ్మాయ్,” అంది అత్తగారు.

సరసమనుకుంది పిచ్చి అర్గిరో. మెరుపు చాల్లేదని అతను రెండు రోజులు మాట్లాడకపోయాక గానీ తెలిసిరాలేదు. అప్పట్నుంచీ రోజూ తుడుస్తూనే ఉంది. మెట్ల మీద ఆ బూట్ల చప్పుడైతే చాలు, పొయ్యి చూస్తుంది, బల్ల చూస్తుంది, అద్దంలో తన మొహం చూసుకుంటుంది. లాంబ్రోస్ హైస్కూల్లో మతబోధన మాస్టారు. ‘ఫొవీతే’ అంటే ప్రాచీన గ్రీకులో భయం కాదు, గౌరవం అని ముప్ఫై పేజీల వ్యాసం రాశాడు. దాన్ని టైపు చేసింది అర్గిరోనే. ఒక్క తప్పు పడితే మళ్ళీ మొదట్నుంచి కొట్టించేవాడు. గౌరవం, గౌరవం అని కొడుతుంటే ఆమె వేళ్ళు చల్లబడిపోయేవి.

“అమ్మా, తొక్కనా వద్దా? చర్చిలో కోతివేషాలొద్దంటున్నాడు నాన్న,” అంటూ వచ్చింది మిర్టో.

వద్దు తల్లీ అని నోటిదాకా వచ్చింది. నవ్వినవాడు ఇంటికెళ్ళాక ఏమవుతాడో ఎవరికి తెలుసు?

“నీ ఇష్టం,” అంది తలెత్తకుండా.

చర్చిలో ఆ మాట రాగానే మిర్టో తొక్కనే తొక్కింది, మడమతో గట్టిగా.

“ఓలమ్మో! మడమకు మేకులేమైనా కొట్టించావా?” అన్నాడు పెళ్ళికొడుకు ఇలియాస్. అందరూ గొల్లున నవ్వారు. అర్గిరో అల్లుడి మొహమే చూస్తోంది. అతను తల మీది పెళ్ళి కిరీటం పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని వంగాడు, తన రుమాలుతో తన బూటు మీది మచ్చ తుడుచుకున్నాడు, లేచి మళ్ళీ మిర్టో చెయ్యి పట్టుకున్నాడు. అంతే. రెండు క్షణాల పని. అర్గిరోకి ఏడుపు ఆగలేదు. కూతురు వెళ్ళిపోతోందని కాబోలు అనుకుని పక్కవాళ్ళు వీపు నిమిరారు.

మర్నాడు పొద్దున గడప దగ్గర లాంబ్రోస్ బూట్లు, పగుళ్ళలో నిన్న పెళ్ళిలో చల్లిన బియ్యంతో సహా ఉన్నాయి.

“అర్గిరో, బూట్లు.”

“నీవి నువ్వు తుడుచుకో.”

అతను కళ్ళద్దాలు తీశాడు. “ఈ ఇంట్లో గౌరవం అనేది లేదా?”

ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

“గౌరవమైతే మోకాళ్ళు ఇలా వణకవు లాంబ్రో,” అని, పాలిష్ డబ్బా అతని ముందు పెట్టింది.