అక్క మీద వచ్చిన రాయితీ

మా ఆయనకి చుట్టాల్లో ఒక పేరుంది: బేరాల బావ. ఆ పేరు చెవిన పడితే చాలు, ఆయన ఛాతీ ఉబ్బుతుంది. నాకు ఒళ్లు మండుతుంది.

విమానం టికెట్లు చవగ్గా కొనడం ఆయనకి ఒక పిచ్చి. విమానం అదే, సీటు అదే, వెళ్లే రోజూ అదే, అయినా ఏ దేశంలో కూర్చుని కొంటున్నామన్నదాన్ని బట్టి ధర మారుతుందట. అందుకని ఈయనగారు మా వంటింటి పక్క గదిలో బనియనుతో కూర్చుని, కంప్యూటర్‌ని మభ్యపెట్టి, కాసేపు ఈ దేశపువాడవుతాడు, కాసేపు ఆ దేశపువాడవుతాడు. ముక్క అర్థంకాని భాషలో ఉన్న సైట్లన్నీ తెరిచి, ఫోనుతో తర్జుమా చేయించుకుని, "చూశావా, వాళ్లకి సగం ధరకే ఇస్తున్నారు. మనమేం పాపం చేశాం?" అంటాడు. ధర తగ్గితే ఎవరికైనా సంతోషమే, కాదనను. కానీ ఆయన అలా కొన్న టికెట్టు మీద వాళ్ల మేనత్త అక్కర్లేని రెండు దేశాలు చూసింది. దారిలో బయటికెళ్లి పెట్టెలు తీసుకుని, మళ్లీ వరసలో నిలబడి అప్పగించాల్సి వచ్చి, మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఆవిడ తిరిగొచ్చాక ఎంత మిగిలిందో చెప్పి మురిసిపోయాడే గాని, ఒంట్లో ఎలా ఉందత్తా అని ఒక్క మాట అడగలేదు.

ఆయన పనిచేసేది బీమా కంపెనీలో. చావు క్లెయిములు చూస్తాడు. ఎవరో పోయారని ఇంటివాళ్లు ఏడుస్తూ వస్తే, కాగితం ఏదని అడగడం ఆయన పని. ఏళ్ల తరబడి అదే అడిగి అడిగి, చావంటే ఆయనకి ఒక కాగితం. ఆ కబుర్లు అన్నం తింటూ చెబుతాడు. నేను కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. ఆ పనిలో చేతులకి తెల్లటి పొడి అంటుకుంటుంది, కడుక్కుంటే పోతుంది.

ఇక మా అక్క సంగతి. పరాయి దేశంలో ఉద్యోగం, పెళ్లి చేసుకోలేదు, నేను తప్ప తనకి ఎవరూ లేరు. గుండెలో కవాటం పాడైంది, ఛాతీ తెరిచి మార్చాలన్నారు. సొంత మనిషి ఎవరైనా దగ్గరుండి సంతకం పెడితేనే లోపలికి తీసుకెళ్తామని ఆసుపత్రివాళ్లు ఖరాఖండీగా చెప్పేశారు. ఆ తారీఖు తప్పితే మళ్లీ ఎప్పటికిస్తారో తెలీదు, అప్పటిదాకా ఆ గుండె తట్టుకుంటుందో లేదో అంతకన్నా తెలీదు. "నువ్వొస్తే చాలే, నాకేం భయం లేదు" అంది అక్క ఫోన్లో. చిన్నప్పటి నుంచీ అంతే, చీకట్లో కూడా తనే ముందు నడిచేది.

"టికెట్టు సంగతి నాకొదిలెయ్" అన్నాడు మా ఆయన.

వదిలేశాను. భయంలో ఉన్న మనిషి ఏదో ఒకటి ఎవరో ఒకరికి వదిలేస్తుంది కదా. ఆయన రెండు రోజులు ఆ గదిలోంచి కదల్లేదు. కాఫీ కూడా అక్కడికే. చివరికి ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు.

"దొరికిందోయ్! ఆ ఒక్క దేశం సైటులోనే ఉంది. నమ్మలేనంత తక్కువ!"

నమ్మలేనంత అన్నప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? రాలేదు. అక్క ఆపరేషన్ నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. నా బుర్ర అంతా అక్కడే ఉంది.

ప్రయాణం రోజు మధ్యాహ్నం, నన్ను దిగబెట్టడానికి సందర్శకుల పాసుతో లోపలికొచ్చిన మా ఆయనా నేనూ విమానాశ్రయంలో వరసలో నిలబడ్డాం. మా వంతు రాగానే పెట్టె ఎత్తి బరువు తూచే పట్టీ మీద పెట్టాను. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టు తీసుకుని, తెర చూసి, తలెత్తి నన్ను చూసింది. ఆ పిల్ల మొహం ఒక్కసారిగా మెత్తబడింది.

"మేడమ్, మీ అక్కగారు పోయారని ఇక్కడ ఉంది. చాలా బాధగా ఉందండీ. మీకు కిటికీ పక్క సీటు ఇస్తాను. పక్కన ఎవరూ లేకుండా చూస్తాను, కాస్త పడుకుందురు గాని" అంది నెమ్మదిగా.

పొద్దున్నే మాట్లాడానే అక్కతో! ఈలోపు పోయిందా? నాకు చెప్పకుండా దాచారా? ఈయనకి తెలుసా? "అక్కా!" అని ఒక్క కేక పెట్టి అక్కడే కూలబడ్డాను. వెనక వరసలోవాళ్లు నీళ్ల సీసా అందించారు.

మా ఆయన వంగి నా చెవిలో గుసగుసలాడాడు. "ఏయ్, లే. మీ అక్క నిక్షేపంలా ఉంది. ఎవరైనా పోతే చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఆ దేశంలో రాయితీ ఇస్తారు, అందుకని ఊరికే అలా పెట్టాను. ఏడుపు మాత్రం ఆపకు, పని బాగా జరుగుతుంది."

ఛీ! ఆ మాట విన్నాక ఏడుపు ఎక్కణ్నించి వస్తుంది? కంపరం వచ్చింది. పళ్లెంలో బల్లి పడితే ఎలా ఉంటుందో, ఆయన మొహం చూస్తే నాకు అలా ఉంది. బతికున్న మా అక్కని, ఎల్లుండి కత్తి కింద పడుకోబోయే మనిషిని, కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ చంపేశాడు. చంపేసి ఈల వేశాడు.

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. వీడియో కాల్. అక్క. ఎత్తాను.

"ఎక్కావటే? ఇక్కడ ఉప్పూ కారం లేని గంజి పోసి పగ తీర్చుకుంటున్నారే నా మీద" అంటూ నవ్వింది. నేను నోరు తెరిచే లోపే, "ఏమిటే ఆ మొహం? ఏమైంది?" అంది.

"నువ్వు పోయావట అక్కా. నీ మరిది టికెట్టు కోసం నిన్ను చంపేశాడు" అన్నాను అందరూ వినేలా.

అక్క ఫక్కున నవ్వింది. "మరిదిగారూ, ఎంత మిగిలిందండీ నా మీద? కాస్త మంచి ధరే పలికానా?"

అదీ మా అక్క. కౌంటర్లో అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా చేతిలో ఫోను చూసింది, తెర చూసింది, మా ఆయన్ని చూసింది.

"సార్, ఈవిడేనా పోయినావిడ? ఈ టికెట్టు మీద నేను పంపలేను. మామూలు ధర కడితే ఇదే విమానంలో చోటుంది. కాసేపట్లో కౌంటర్ మూసేస్తాం."

సిగ్గుపడే మనిషైతే అక్కడితో తల దించుకునేవాడు. ఈయన బల్ల మీదికి వంగి, ఆఫీసులో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"మీ నియమాలు నేను చదివానమ్మా. డెత్ సర్టిఫికెట్ నెల రోజుల్లో ఇస్తే చాలని మీరే రాశారు."

"బతికున్న మనిషికి సర్టిఫికెట్ ఎలా తెస్తారు సార్?"

"నెల గడువుందిగా! ఛాతీ తెరిచే ఆపరేషన్, చిన్నదేం కాదు. ఏమో, ఎవరు చెప్పగలరు? ఏదైనా జరిగితే కాగితం ఇస్తాం. జరక్కపోతే అప్పుడు తేడా కడతాం. ఇప్పుడే ఎందుకు కట్టాలి?"

ఫోను నా చేతిలోనే ఉంది. ఆ సంగతి ఆయనకి గుర్తులేదో, గుర్తుండీ లెక్కచేయలేదో.

అక్క నవ్వు ఆగిపోయింది. తెర మీద ఆవిడ మొహం ఒక్కసారిగా పదేళ్ల పిల్ల మొహంలా అయిపోయింది.

"ఏమే..." అంది మెల్లగా. "డాక్టర్లు మీకేమైనా చెప్పారా? నాకు చెప్పకుండా? నిజం చెప్పవే."

ఇన్నాళ్లూ నాకేం భయం లేదన్న మా అక్క గొంతు అది. ఎంత కష్టపడి కూడగట్టుకుందో ఆ ధైర్యాన్ని, ఒక్క మాటతో ఊడ్చేశాడు. చేతిలో ఉన్నది ఫోను కాకపోయుంటే ఆయన నెత్తిన పగలగొట్టేదాన్ని.

"నా మీద ఒట్టు అక్కా, ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు. ఇది ఈ దరిద్రుడి లెక్క. నేను వస్తున్నాను. నీ పక్కనే ఉంటాను" అన్నాను.

"వస్తున్నావు కదూ?" అంది మళ్లీ. అలా రెండోసారి అడగడం నా ఎరుకలో లేదు.

లేచి నిలబడి, నా జీతం పడే కార్డు తీసి అమ్మాయి ముందు పెట్టాను. "మామూలు ధరకే ఇవ్వమ్మా."

"పిచ్చా నీకు? ఆ డబ్బుతో ముగ్గురు వెళ్లొచ్చు! ఆగు, పది నిమిషాలు ఆగు, ఇంకో దేశం పెట్టి చూస్తా" అంటూ ఆయన ఫోను తీశాడు. అక్కడే, ఆ బల్ల ముందే, మళ్లీ ఇంకో దేశపువాడైపోయాడు.

అమ్మాయి కార్డు అందుకుంది. "తిరుగు ప్రయాణం ఏ రోజుకి వేయమంటారు మేడమ్?"

ఆయన తల ఎత్తకుండానే అందుకున్నాడు. "రానూపోనూ కలిపి తీసుకో. ఒకవైపు టికెట్టు కంటే తక్కువ పడుతుంది."

అది మాత్రం నిజమే. అమ్మాయి తెర నా వైపు తిప్పి చూపించింది. తిరిగి వస్తే తక్కువ, రాకపోతే ఎక్కువ.

"ఒకవైపే ఇవ్వమ్మా" అన్నాను.