తొట్టిలో గాలి

మెర్సీ ఎర్ర మీట నొక్కింది. షెడ్డంతా ఒక్కసారిగా చప్పుడాగిపోయింది.

రొయ్యల చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే మీటర్లు తయారుచేసే ఆ కంపెనీ సామర్లకోట పక్కనే ఉంది. మరలూ అతుకులూ లేకుండా మీటరు మొత్తాన్ని ఒకే అచ్చులో పోస్తారు. పెద్ద కంపెనీల సరుకు ఉప్పునీటికి పాడైపోతుంటే వీళ్లది నిలబడుతోంది. యజమాని ఉదయ్‌భాస్కర్ ఈమధ్యే ప్రతి బల్లకీ ఎర్ర మీట పెట్టించాడు. అనుమానం వస్తే ఎవరైనా పని ఆపొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదన్నాడు. అయినా ఇన్నాళ్లూ ఎవరూ నొక్కే ధైర్యం చేయలేదు.

"ఏంటి మెర్సీ?" మేనేజరు విజయ్ పాల్ పరుగున వచ్చాడు. "వ్యాను గేటు దగ్గరుంది. భీమవరం డీలరు పొద్దుట్నుంచీ ఫోన్ మీద ఫోను."

"పరీక్ష తొట్టిలో ఒకే మీటరు రెండుసార్లు ముంచితే రెండు అంకెలు చూపించిందండి."

నీళ్లు లోపలికి దిగాయేమోనని మీటరు కోసి చూశారు. లోపల తడి లేదు. ఇంకోటి కోశారు. అదీ శుభ్రంగానే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లెవరూ మెర్సీ వైపు చూడటం లేదు. ఉద్యోగం పోతే పెద్దాపురంలో అత్తగారికి ఏం చెప్పాలా అనుకుంది.

చప్పుడాగడంతో వచ్చిన ఉదయ్‌భాస్కర్ మీటర్లు వదిలేసి ఆమె పరీక్ష తొట్టి మీదికి వంగాడు. గాలి పంపు గొట్టం కాస్త ఊడి ఉంది. బుడగలు ఆగి ఆగి వస్తున్నాయి.

"సారీ సర్. మీటర్లో తప్పేం లేదు, నా తొట్టే..." ఆమె గొట్టం బిగించబోయింది.

"ఇలా ఎన్నాళ్ల నుంచి ఉందంటారు మెర్సీగారూ?" అడిగాడు ఉదయ్‌భాస్కర్.

ఆ ప్రశ్న అర్థమయ్యేసరికి ఆమె గొట్టం వదిలేసింది. తొట్టి నీళ్ల నిండా గాలి ఉందన్న లెక్కతోనే మీటర్లు సరిచేస్తారు. గాలి చాలని నీటిలో సరిచేసిన మీటరు, చెరువులో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి రైతు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపేస్తే రొయ్యలకు ఊపిరాడదు. పైగా ముసురు పట్టి ఉంది, ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది.

"కిందటి వారం అమలాపురం వెళ్లినవన్నీ ఈ తొట్టిలో చూసినవేనండి."

"డీలర్లకి ఇప్పుడే చెప్దాం. మీటరు నమ్మకుండా ఏరేటర్లు తిప్పమనండి."

"పరువు పోద్ది సర్," అన్నాడు విజయ్ పాల్. "ముందు మనం ఓసారి పరీక్షించుకుని..."

"ముసురు మనకోసం ఆగదు పాల్ గారూ. రొయ్యలు చచ్చి తేలాక వాళ్లకి తెలిసేకంటే మన నోటితో తెలియడం నయం."

ఫోన్లు చేశారు. ఒక డీలరు తిట్టిపోసి, సరుకంతా వెనక్కి పట్టుకుపొమ్మన్నాడు. మర్నాడు మార్చి ఇచ్చే మీటర్లతో మెర్సీని కూడా వ్యానెక్కించారు. దారిపొడవునా చెరువుల మీద తెల్లగా ఏం కనబడినా చచ్చిన రొయ్యలేమోనని ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. దగ్గరికెళ్తే అది నురగే.

ముసలయ్య అనే రైతు గట్టు మీద ఎదురొచ్చాడు. "తెల్లార్లూ తిప్పానండి. మీ ఫోను రాకపోతే ఆపేసుందును."

మెర్సీ పాత మీటరు, కొత్త మీటరు పక్కపక్కనే ముంచింది. పాతది బాగానే ఉందంటోంది. కొత్తది దాంట్లో సగం చూపించింది. ముసలయ్య రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"మరి ఇదీ తప్పు చెప్తే?"

"తెలిసిన నిమిషాన మేమే ఫోన్ చేస్తామండి," అంది మెర్సీ.

ముసలయ్య కొత్త మీటరు అందుకుని, పక్క చెరువుకి కూడా ఒకటి కావాలన్నాడు. ఆమె వ్యాను దగ్గరికి గబగబా నడిచింది. ఇంకా చాలా ఊళ్లు మిగిలే ఉన్నాయి. వాన మళ్లీ మొదలైంది.