చందనం పూసిన మూత

పొద్దున లేవగానే కాళీశ్వరి మొదట చేసే పని మొగుడి నోటి వాసన చూడడం. ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది. గోపాలసామి నోరు కాలిన నూనె కంపు కొడితే ముందురోజు ఆయన రిపేరు షెడ్డుకు వచ్చిన బండికి ఇంజను రింగులు అరిగాయని అర్థం. ముక్కు కారుతుంటే రేడియేటరు. బ్రేకులు పోయిన బండిని ముట్టిన రోజున ఆయన్ని వీధిలోకి పోనిచ్చేది కాదు. నడక మొదలుపెడితే గోడ తగిలేదాకా ఆగడు గనక.

తమిళదేశపు కోవిల్‌పట్టిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. గోపాలసామి ఏ బండి మీద చెయ్యి పెట్టినా దాని రోగం ఆయన ఒంట్లోకి వస్తుంది, బండి బాగుపడిన రోజున పోతుంది. వింతపడ్డానికి ఏముంది? వడ్రంగి చేతులు కాయలు కాస్తాయి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ వేళ్ళు మందు కంపు కొడతాయి, ఈయనకు ఇది. ఎట్టయాపురం రోడ్డులోని షెడ్డుకు వచ్చినవాళ్ళు బండి వైపు చూసేవాళ్ళు కాదు. ఆయన మొహం చూసి, "ఏమి జబ్బు అణ్ణాచ్చీ?" అని అడిగేవాళ్ళు.

కాళీశ్వరికి మాత్రం రోత పుట్టింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఊరి జనం తమ బండ్లను ఎంత హీనంగా చూసుకుంటారో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నూనె మార్చమంటే మార్చరు, అది లోపల జిగురు కట్టేదాకా తోలుతారు. ఆ వారమంతా ఈయన ఉమ్మితే నల్లగా పడేది. ఆ చొక్కాలు ఉతికేది ఎవరు? పైగా ఆ బండికే హారను కొత్తది కావాలి, వెనకద్దం మీద కొడుకు పేరు రంగుల్లో రాయించాలి. తూ!

తొంభై ఏడులో ఆ ఎర్రబండి వచ్చాక ఇదివరకటి రోతంతా ఆమెకు చిన్నదైపోయింది.

అది పాండియరాజన్ బండి. ఆయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ముదలాళి, అంటే యజమాని. కోయంబత్తూరులో పందేలు తోలేవాళ్ళ దగ్గర్నుంచి రెండు చేతులు మారాక కొన్నాడు. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టు పొట్టిగా ఉంటుంది, వయసు ఇరవై పైన. పైన అద్దంలా మెరిసే రంగు, లోపల సీట్ల కింద ఎలుక గూడు. దాని పెట్రోలు ట్యాంకు మూత మాత్రం అసలు సిసలు పందెం బండిది. వెనక పక్కన వెండిలా తళతళలాడుతూ ఉండేది. ముదలాళికి దాన్ని చూస్తే ఒళ్ళు తెలిసేది కాదు.

మొదటి వారం గోపాలసామి ఎడమ ముక్కుతో ఒకలా, కుడి ముక్కుతో ఇంకొకలా ఊపిరి తీశాడు. ఆ బండికి కార్బొరేటర్లు రెండు, ఒకదానితో ఒకటి కుదరలేదు. అది సరిచేశాడు. తర్వాత నోట్లోంచి తెల్లటి నురగ వచ్చింది, హెడ్ గ్యాస్కెట్ మార్చాడు. ఆయుధపూజ దాకా బండి బాగానే తిరిగింది. పూజ అయిన మూడోనాడు సాత్తూరు దగ్గర ఆగిపోయింది. అది మొదలు, కోవిల్‌పట్టిలో బయలుదేరి ఎప్పుడు విరుదునగర్‌కు పోయినా సాత్తూరు దరిదాపుల్లో ఇంజను గుటకలు మింగి ఆగిపోవడమే. అరగంట నిలబెడితే మళ్ళీ లేస్తుంది.

గోపాలసామి పంపు మార్చాడు. కాయిల్ మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, పైపులన్నీ ఊదాడు. రోగం బండిలోనూ పోలేదు, ఆయనలోనూ పోలేదు. పని మొదలుపెట్టిన అరగంటకల్లా ఆయన డొక్క లోపలికి పీక్కుపోయేది. చేతిలో స్పానరు చేతిలోనే, నోట్లో మాట నోట్లోనే, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఆగిపోయేవాడు. కాసేపటికి తేరుకుని మిగతా సగం మాట చెప్పేవాడు. రోజురోజుకూ తేరుకునే వేళ పెరుగుతోంది. తిన్న కూడంతా పెట్రోలు తేనుపులై వచ్చేది.

ఆయన ఒళ్ళు ఒక ఎత్తు, మారియప్పన్ సంగతి ఇంకొక ఎత్తు. మారియప్పన్ కాళీశ్వరి తమ్ముడు, తొమ్మిదేళ్ళుగా ముదలాళి దగ్గర డ్రైవరు. ముదలాళి విరుదునగర్‌లో అత్తగారింట్లో దిగిపోతే ఖాళీ బండి తిప్పుకొచ్చేది, మళ్ళీ తీసుకుపోయేది అతనే. బండి మొదటిసారి ఆగిన రోజే ఫ్యాక్టరీ గుమాస్తా బస్సు కిటికీలోంచి చూశాడట. సాత్తూరు బయట రోడ్డు పక్కన ఎర్రబండి ఆగి ఉంది, మారియప్పన్ ట్యాంకు మూత తీసి దాని మీదికి వంగి ఉన్నాడు. అంతే. పెట్రోలు దొంగ అన్నారు. బండి దానంతటది ఆగడం లేదు, దొంగతనానికి వీడే ఆపుతున్నాడన్నారు.

ముదలాళి షెడ్డుకు వచ్చి, నిలబెట్టిన టైరు మీద తాంబూలం ఉమ్మేసి, తమిళంలో చెప్పాడు. సోమవారంలోగా బండి ఆగకుండా విరుదునగర్ చేరాలి. లేదంటే మారియప్పన్ మీద పోలీసు కేసు. నిజానికి ఆయనా వీళ్ళలాగే తెలుగువాడే, ఇంట్లో మాట తెలుగే. గడప దాటితే తమిళం తప్ప మాట్లాడడు. తన తప్పేదో ఎదుటివాడి చేత మింగించాల్సి వచ్చినప్పుడు మాత్రం తెలుగు గుర్తొస్తుందని కాళీశ్వరి అనేది. ఆ ఉమ్మిన టైరును ఆమే కడిగింది.

తమ్ముణ్ణి పక్కకు పిలిచి అడిగింది.

"నిజం చెప్పురా. మూత యేమిటికి తీసినావు?"

మారియప్పన్ నేల చూశాడు. "ఏమీ లేదక్కా."

"ఏమీ లేకనే తీస్తారా యెవురైనా?"

"వదిలేయక్కా" అన్నాడు. చిన్నప్పటినుంచీ అంతే వాడు, కొట్టినా అరవడు. తమ్ముడి మౌనం మీద కూడా ఆమెకు రోత వేసింది. అయినా వాడు దొంగ కాడని ఆమెకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం గోపాలసామి అన్నానికి కూచున్నాడు. రెండో ముద్ద చేతిలో ఉండగా ఆగిపోయాడు. కాళీశ్వరి ఎప్పటిలాగే చారు కలుపుతూ కూచుంది. చారు చల్లారింది, ఆయన కదల్లేదు. ఆయన పెదాలు నీలంగా మారాయి. చాప మీదికి పడుకోబెట్టి చొక్కా విప్పింది. డొక్క వెన్నుకు అంటుకుపోయి ఉంది. రొమ్ము రుద్దింది, అరికాళ్ళు రుద్దింది. పొట్ట మీద చెయ్యి వేస్తే ఏదో కంపు. వంగి వాసన చూసింది.

బొడ్డు. పైన చందనం వాసన, దాని కింద కుళ్ళిన వాసన. ఏదో పసుప్పచ్చటిది రాయిలా బిగుసుకుని బొడ్డు నిండా ఉంది.

"చీ చీ, యేమిదీ, స్నానమే చేయవా మామా నువ్వు?" అని తిడుతూనే కొప్పులోంచి పిన్ను పీకి గుచ్చింది. కందిగింజంత ఉండ ఊడి వచ్చింది. ఆ వెంటనే ఉస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడైంది, గోపాలసామి డొక్క పైకి లేచింది, కళ్ళు తెరిచి చేతిలోని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

కాళీశ్వరి ఆ ఉండను అరచేతిలో పెట్టుకుని మళ్ళీ వాసన చూసింది. ఒళ్ళు జలదరించింది గానీ చూసింది. కొట్టులో పొట్లం కట్టి అమ్మే పొడి కాదు అది. రాతి మీద అరగదీసిన అసలు చందనం.

"మామా, ఈ చందనం నాకు తెలుసు" అంది.

ఆయుధపూజనాడు ఫ్యాక్టరీలో అందరికీ బొరుగులూ శనగలూ పంచుతారని ఆమె కూడా పోయింది. ముదలాళి అరిచి మరీ చెప్పాడు, ఇది మా అమ్మ చేత్తో అరగదీసిన చందనం, నా బండి మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు అని. స్టీరింగుకూ అద్దాలకూ బొట్లు పెట్టాడు. ఆ వెండి మూతకు మాత్రం ముచ్చట తీరక గుప్పెడు తీసి పులిమి, నడుమన కుంకుమ అద్దాడు. పొంగలు పండగ దాకా పూజ బొట్టు తుడవకూడదని మారియప్పన్‌కు గట్టిగా చెప్పాడు.

గోపాలసామి ముద్ద వదిలేసి లేచాడు. ఇద్దరూ షెడ్డుకు పోయారు. మారియప్పన్ అక్కడే బండి పక్కన గొంతుక్కూచుని ఉన్నాడు. గోపాలసామి మూత దగ్గర నిలబడి తల కొట్టుకున్నాడు.

"దీని నడుమన కందిగింజంత బెజ్జం ఉండాల. పెట్రోలు తగ్గేకొద్దీ గాలి దాంట్లోంచే లోపలికి పోయేది. గాలి పోకుంటే పెట్రోలు యెట్ల వచ్చును? ఆరు వారాలుగా పొద్దున్నే దీన్ని ముట్టి కండ్లకద్దుకుంటా ఉండా నేను! ఒక్కనాడన్నా గీకి చూసినానా? థూ, నా బతుకు!"

అంతా తెలిసీ ఆయన చెయ్యి ముందుకు రాలేదు, దేవుడి బొట్టు కదా. కాళీశ్వరికి అంత భక్తి మిగల్లేదు. అదే పిన్నుతో కుంకుమా చందనమూ గీకి, బెజ్జంలోకి గుచ్చి, బిరడాను బయటికి లాగింది. అదీ కందిగింజంతే.

అప్పుడు మారియప్పన్ నెమ్మదిగా చెప్పాడు. "మూత తీస్తే ఉస్సుమంటాది బావా. తీసిన యెంటనే స్టార్టయేది. మొదటిరోజు పెట్రోలుందా లేదా అని చూసేదానికి తీసినా. అప్పుడే తెలిసింది."

"ఆరు వారాలుగా తెలుసునా నీకు?"

"తెలుసు. చెప్తే మూత తీసినానని ఒప్పుకున్నట్టే గదా. దొంగ అనేసినారు అప్పటికే."

కాళీశ్వరికి వాణ్ణి కొట్టాలనిపించింది, ఏడుపు కూడా వచ్చింది. తన మొగుడి పెదాలు నీలమయ్యేదాకా వచ్చింది వీడు ఆ ఒక్క మాట దాచుకోవడం వల్లనే.

ఆ సాయంత్రమే బావాబావమరుదులు ఎర్రబండిలో విరుదునగర్ పోయి వచ్చారు. సాత్తూరులో టీ తాగడానికి తప్ప ఎక్కడా ఆగలేదు.

సోమవారం పొద్దున ముగ్గురూ ఫ్యాక్టరీకి పోయారు. బండి వాకిట్లో సన్నగా, ఒక్క గుటక తేడా లేకుండా తిరుగుతోంది. పెట్టెలు నింపే ఆడవాళ్ళు వాకిలి నిండా వచ్చి నిలబడ్డారు. గోపాలసామి కాగితంలో చుట్టి తెచ్చిన చందనపు బిరడాను ముదలాళి చేతిలో పెట్టి, సంగతంతా చెప్పాడు. ముదలాళి దాన్ని వాసన చూశాడు. తన తల్లి అరగదీసిన చందనాన్ని ఆనవాలు పట్టలేనివాడేం కాదు. ఆడవాళ్ళ వైపు ఒకసారి చూసి, దాన్ని జేబులో వేసుకున్నాడు.

అప్పుడు తెలుగు వచ్చింది ఆయనకు.

"సామి చందనమే గదప్పా. మనోళ్ళలో మనకు ఇదంతా యేమిటికి? జరిగిందేదో జరిగింది." శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా డబ్బా తెప్పించాడు. "దా రా మారియప్పా. నోరు తీపి చేసుకో. రేపట్నుంచి మామూలుగా వచ్చేయ్." తాంబూలం మరకల వేళ్ళతో ఇంత ముద్ద తీసి మారియప్పన్ నోట్లో కుక్కి, తాళం చెవి చేతిలో పెట్టాడు. దొంగ కాదన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

మారియప్పన్ బుగ్గ ఉబ్బింది. నమలలేదు, మింగలేదు. అతని చేతివేళ్ళు తాళం చెవి మీద ముడుచుకుంటున్నాయి. రేపటి నుంచి మళ్ళీ ఇదే వాకిలి, వెనక ఇవే గుసగుసలు, తమ్ముడు దానికి కూడా తలొంచబోతున్నాడని కాళీశ్వరికి తెలిసిపోయింది. ఆ ఎంగిలి వేళ్ళు తమ్ముడి నోట్లో పెట్టినందుకే ఆమెకు రోత వేసింది.

పక్కనే గోపాలసామి ఆగిపోయాడు.

డొక్క లోపలికి పోయింది. పెదాలు నిన్నటికంటే తొందరగా నీలమవుతున్నాయి. ఆడవాళ్ళు, "అయ్యో, బండి ఇంకా బాగుపళ్ళేదా?" అన్నారు. కాళీశ్వరి మొగుడి చొక్కా ఎత్తి చూసింది, బొడ్డు శుభ్రంగా ఉంది. బండి చూసింది, హాయిగా తిరుగుతోంది. మొగుడి చెయ్యి ఎక్కడుందో చూసింది. బావమరిదిని ఓదార్చడానికి వేసిన చెయ్యి, మారియప్పన్ భుజం మీద ఉంది. తీయబోతే ఊడి రాలేదు.

"ఇది బండిది కాదురా!" అని అరిచింది. "నీది! నోరు తెరువు! మీ బావ పోతా ఉండాడు, నోరు తెరువురా!"

మారియప్పన్ బావ మొహం చూశాడు. తన కోసమైతే వాడు ఆ కోవా ఎప్పటికైనా మింగేసేవాడే. ఇప్పుడు తూ అని ఉమ్మాడు. ఆ ముద్ద పోయి ఎర్రబండి బానెట్ మీద పడింది.

"నేను దొంగను కాను" అన్నాడు. గొంతు మొదట కీచుగా వచ్చింది, తర్వాత లావైంది. "మూతకు చందనం పులిమి మూసింది నువ్వు. తుడవొద్దన్నది నువ్వు. ఆరు వారాలు ఈ ఆడోళ్ళందరి ముందర నన్ను దొంగన్నావు. కాదని ఒక్క మాట ఇప్పుడన్నా అనినావా? నేను దొంగను కాను!"

ఉస్సుమని గోపాలసామి డొక్క పైకి లేచింది. ఒక్కసారి దగ్గి, పక్కకు తిరిగి, "మంచినీళ్ళు" అన్నాడు. తొమ్మిదేళ్ళలో డ్రైవరు ముదలాళిని నువ్వు అనడం ఎవరూ వినలేదు. మారియప్పన్ తాళం చెవిని బానెట్ మీది కోవాలోనే పెట్టి, నడిచి బయటికి పోయాడు. ముదలాళి జిడ్డు వేళ్ళు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

మరుసటేడు మారియప్పన్‌కు విరుదునగర్ పోయే ప్రైవేటు బస్సులో డ్రైవరు పని దొరికింది. ఆయుధపూజ అయిన వారానికి కాళీశ్వరి ఆ బస్సులోనే ముందు సీట్లో కూచుని పోతోంది. సాత్తూరు బయట ఎర్రబండి ఆగి ఉంది. ముదలాళి ఒక్కడే ఎండలో నిలబడి బానెట్ లోపలికి చూస్తున్నాడు. వెనక, వెండి మూత మీద కొత్త చందనం పచ్చగా మెరుస్తోంది.

మారియప్పన్ బస్సు నెమ్మది చేసి, కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"మూత తెరువు!" అని, సాత్తూరంతా వినపడేలా అరిచాడు. అరిచి, గేరు మార్చి ముందుకు తోలాడు.