మింగాక తగిలే ఇనుము

మా బావ నన్ను ‘నాలుకమ్మ’ అంటాడు. ఊరూరా తిరిగి అక్కడి కాఫీలూ కాక్‌టెయిళ్ళూ రుచి చూసి, వారం వారం పత్రికలో రాసి బతికేదాన్ని ఇంకేమని పిలుస్తాడు? పిలిచినప్పుడల్లా విసుక్కున్నట్టు నటిస్తాను గానీ లోపల మురిసిపోతాను. గింజ పిసరంత ఎక్కువ మాడినా పట్టేస్తాను. నిమ్మరసం ఇప్పుడు పిండిందో, పొద్దున పిండి పెట్టుకున్నదో మొదటి గుక్కలోనే చెప్పేస్తాను. నా నాలుక మీద నాకు అంత పొగరు.

ఆ పొగరుతోనే ఆ కొట్టులో అడుగుపెట్టాను. ఇరుకు వీధిలో లాండ్రీ పక్కన చిన్న కొట్టు. పగలు కాఫీ, సాయంత్రం మందు. పగటి కాఫీ సంగతి యజమాని చూసుకుంటాడు, భారీ మనిషి, గొంతు కూడా అంతే భారీ. సాయంత్రం కౌంటర్‌లో ఆయన మేనకోడలు. ముప్పై ఉంటాయేమో. తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, జుట్టు బిగించి ముడేసుకుని, నేను కూర్చోబోతుంటే తుడిచిన కౌంటరే మళ్ళీ తుడిచింది.

“మేడమ్ గారూ, ఉన్నమాట చెప్పేస్తున్నా,” అన్నాడు యజమాని. “సాయంత్రాలు పూర్తిగా దీనికే వదిలెయ్యాలా, మా అబ్బాయికి అప్పజెప్పాలా తేల్చుకోలేక చస్తున్నా. దీనికి ఈ పని తప్ప లోకంలో ఇంకోటి పట్టదు. మావాడేమో బీరు పోస్తే చాలదా అంటాడు. మీరు రాసేదాన్ని బట్టి తేల్చేస్తా.”

“మామయ్యా, ఊరుకో నువ్వు!” అందా పిల్ల. చెవులు ఎర్రబడ్డాయి గానీ చెయ్యి మాత్రం తడబడలేదు.

రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టిన కాఫీ, మాడబెట్టిన చక్కెర పాకం, రమ్ము. ఐసు వేసి షేకర్‌లో గిలక్కొట్టి, కాడ ఉన్న గ్లాసులోకి వంచి, పైన నారింజ తొక్క పిండి నా ముందు పెట్టింది. ఆ వాసనకే ప్రాణం లేచొచ్చింది. గొంతునొప్పితో ఆ రోజంతా ఏమీ తినలేదేమో, ఆత్రంగా గుక్క వేశాను. మింగాక నాలుక వెనక తుప్పుపట్టిన మేకు చప్పరించినట్టయింది. ఇంకో గుక్క వేశాను. మళ్ళీ అదే ఇనుము.

మొహం మీద చెప్పే అలవాటు నాకు లేదు. మా పనిలో ఎవరికీ ఉండదు. “బాగుందమ్మా” అని నవ్వి వచ్చేశాను. వెనక నుంచి “థాంక్సండీ!” అని ఆ పిల్ల గొంతు వినబడింది, చిన్నపిల్లలా.

గదికి వచ్చి రాయడానికి కూర్చున్నాను. ‘వాసనలో స్వర్గం చూపించి, మింగాక ఇనుము చప్పరింపజేస్తారు. కడగని షేకరో, కనిపెట్టలేని నాలుకో వాళ్ళే తేల్చుకోవాలి.’ ఆ రెండో వాక్యం రాసి నాకు నేనే భేష్ అనుకున్నాను. అప్పటికప్పుడే పంపించేశాను.

మర్నాడు నేను అక్కావాళ్ళింటికి చేరేసరికి అది అచ్చయి బావ చేతిలో ఉంది.

“అబ్బో, కోసి కారం పెట్టేశావుగా మరదలా,” అన్నాడు.

అక్క కాఫీ తెచ్చింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించాను. “ఇదేంటే అక్కా, గిన్నె గానీ మార్చావా? ఇనుము తగుల్తోంది.”

“నా పెళ్ళినాటి గిన్నే అది. నేను మార్చలేదు.”

పుక్కిలిద్దామని మంచినీళ్ళు తాగాను. ఇనుము. బల్ల మీద అరటిపండు ఉంటే ఒలుచుకుని కొరికాను. అదీ ఇనుమే.

“అరటిపండుని కూడా ఆ షేకర్‌లోనే కడిగారంటావా?” అన్నాడు బావ.

అక్క నవ్వలేదు. నా సంచీ మీద పడి ఉన్న మాత్రల పట్టీ తీసి, కళ్ళజోడు పైకి ఎత్తి చూసింది. “గొంతుకి ఇవా ఇచ్చింది? పోయినేడు నాకూ ఇవే ఇచ్చారే. వేసుకున్నన్నాళ్ళూ నోట్లో రేకుముక్క పెట్టుకున్నట్టే ఉండేది. డాక్టరు చెప్పలేదూ?”

చెప్పాడు. నోరు కాస్త అదోలా ఉంటుందన్నాడు. నేనప్పుడు ఫోన్లో రైలు టిక్కెట్టు చూసుకుంటూ ఊ కొట్టాను.

తల కొట్టేసినట్టయింది. నోట్లో అరటిపండు ముక్క మింగనూ లేను, ఉమ్మనూ లేను. “ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికి ఎవరో,” అని బావ గొణిగాడు. అక్క గుడ్లురిమింది గానీ అన్నదాంట్లో అబద్ధమేముంది? కనిపెట్టలేని నాలుక నాదైతే, ఆ మాట కౌంటర్ అవతల నిలబడిన పిల్లని నేను పత్రికెక్కించి మరీ అన్నాను.

సంపాదకుడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వాడు. “చూడండీ, ‘మా రచయిత్రి గారి నోరు బాగాలేదు’ అని వెయ్యమంటారా? ఇన్నేళ్ళూ మీరు రాసినవి ఇక ఎవరు నమ్ముతారు? వదిలెయ్యండి, రెండు వారాలు పోతే అందరూ మర్చిపోతారు.”

ఆయన అలా అంటాడని నాకు తెలుసు. అలా అనిపించుకోవడానికే ఫోన్ చేశానేమో కూడా. పెట్టేశాక గుండెల మీద బరువు దిగినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి చూసుకుని నా మీద నాకే రోత పుట్టింది.

“ఏమన్నాడు?” అంది అక్క.

“వదిలెయ్యమన్నాడు.”

“ఆయనదేం పోయింది? పొట్ట కొట్టింది నువ్వు. నోరు బాగుపడ్డాక వెళ్ళి ఎదురుగా చెప్పు. అందాకా నా కాఫీకి వంక పెట్టావంటే చూడు!”

మాత్రలు అయిపోయాయి. ఒక రోజు పొద్దున అక్క కాఫీ మళ్ళీ కాఫీలా ఉంది. ఇక సాకు లేదు. రైలెక్కాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. వాటిలో ఒక్కటీ తిన్నగా లేదు. అన్నిట్లోనూ ముందు డాక్టరు వస్తున్నాడు, తర్వాత గొంతునొప్పి వస్తోంది, నేను మాత్రం ఎక్కడో చివర్లో వస్తున్నాను.

మధ్యాహ్నం బేరం లేని వేళ. యజమాని కాఫీ మిషన్ తుడుస్తూ నన్ను చూసి, “రండి మేడమ్ గారూ! మీ చేతికో దణ్ణం,” అని నిజంగానే చేతులు జోడించాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

లోపలి నుంచి ఆ పిల్ల వచ్చింది. చిక్కిపోయింది. సబ్బులో నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడుతలు పడ్డాయి. నన్ను చూసి మొహం తిప్పుకుంటుందనుకున్నాను. గబగబా చేతులు తుడుచుకుని కుర్చీ లాగింది.

“వచ్చారా మేడమ్! మీకు థాంక్స్ చెప్పాలనుకుంటూనే ఉన్నానండీ. అందరూ మొహం మీద బాగుంది బాగుంది అనేవాళ్ళే. మీరొక్కరే నిజం చెప్పారు. షేకర్లు పారేసి కొత్తవి కొన్నాను. పాకం గిన్నె మార్చాను, నీళ్ళు మార్చాను. ఇన్నాళ్ళూ నా నోటికి తెలియనే లేదు చూడండి.”

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. చెప్పాల్సింది అప్పుడే. నేనేమన్నానో తెలుసా? “ఫరవాలేదులే అమ్మా” అన్నాను. క్షమించేసినదానిలా! సిగ్గు లేకపోతే సరి.

“అదే మళ్ళీ ఒకటి చేసిస్తావా?” అన్నాను.

చేసింది. ఈసారి చెయ్యి తడబడింది. నారింజ తొక్క జారి కింద పడితే ఇంకోటి కోసింది. గ్లాసు నా ముందుకు జరిపి వెనక్కి తగ్గి నిలబడింది.

గుక్క వేశాను. కాఫీలోని చిరుచేదు ముందు తగిలి, దాని వెనకే మాడిన చక్కెర, ఆ తర్వాత ఎక్కడో రమ్ము వెచ్చదనం. మింగాక నారింజ ఒక్కటే మిగిలింది. ఏ లోపమూ లేదు. ఇక ఉండబట్టలేకపోయాను.

“అమ్మాయ్, తప్పు నీది కాదు. నాది. ఆ రోజు గొంతుకి మాత్రలు వేసుకుని వచ్చాను. వాటివల్ల నోరంతా ఇనుమైపోయింది. మర్నాడు మంచినీళ్ళూ అలాగే ఉన్నాయి, అరటిపండూ అలాగే ఉంది. డాక్టరు ముందే చెప్పినా వినిపించుకోలేదు. నీ గ్లాసులో ఇనుము అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.”

“విన్నావా!” యజమాని గుడ్డ విసిరేసి వచ్చాడు. “నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నా, ఏ తేడా లేదే తల్లీ అని. వింటేగా! మేడమ్ గారూ, మీరు రాసింది చూసి నాకు దీని మీద కోపం రాలేదు, మీ మీద వచ్చింది. దీన్ని నేను తీసెయ్యలేదు. ఇదే వద్దంటోంది. కౌంటర్ మావాడికి ఇచ్చెయ్యమని రోజూ నా ప్రాణం తోడేస్తోంది.”

ఆ పిల్ల షేకర్‌లో మిగిలింది చెంచాలోకి వంచుకుని నోట్లో పోసుకుంది. కళ్ళు మూసుకుంది. నేనూ, వాళ్ళ మామయ్యా చూస్తున్నాం.

“ఉందండీ,” అంది.

“లేదమ్మా! ఇప్పుడే తాగానుగా.”

“చివర్లో ఉంది. మింగాక. మీరు రాసినట్టే.” నెమ్మదిగా, నాకే నచ్చజెబుతున్నట్టు అంది. “నేను బాధపడుతున్నానని మీరిలా అంటున్నారు. రాసేటప్పుడు ఎదురుగా నేను లేనుగా. అప్పుడు రాసిందే నిజం.”

“రేపే రాస్తాను. నా తప్పని నా పేరుతో రాస్తాను. వెయ్యనంటే ఆ పత్రికే మానేస్తాను.” ఈ మాట మాత్రం నిజంగానే అన్నాను.

“వద్దు మేడమ్. మీరు రాస్తే జనం వస్తారు. వచ్చి అడుగుతారు.” చెంచా కడిగి బోర్లించింది. “ఏది బాగుందో ఏది బాగాలేదో నాకే తెలియట్లేదు. వాళ్ళకి ఏం పొయ్యను?”

యజమాని అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. చేతికి ఏం పని చెప్పాలో తెలియక గ్లాసు అందుకున్నాను. ఈమధ్య నేను తిరిగిన ఊళ్ళలో ఎక్కడా అంత మంచి కాక్‌టెయిల్ తాగలేదు. కళ్ళు మండుతున్నాయి. ఆ పిల్ల కౌంటర్ అంచు పట్టుకుని నా మొహాన్నే చూస్తోంది, ఎక్కడ చిట్లిస్తానా అని. ఏడిస్తే ఇనుము తగిలినందుకే అనుకుంటుంది. అందుకని ఏడుపు కూడా మింగేసి, నవ్వు మొహంతో గ్లాసు ఖాళీ చేశాను.