లైనింగు మాత్రం దర్జీదే

ఆ వీధి దర్జీకి ఉన్నంత నికార్సయిన చూపు లోకంలో ఇంకెవరికీ లేదు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి భుజాల వెడల్పు కూర్చున్నచోటి నుంచే చెప్పేసేవాడు. ఎగిరే దోమను ఆపి, నడుము చుట్టుకొలత చూసి, లాగు కుట్టిచ్చాడు కూడా.

సరే, దోమ దగ్గర కాస్త వెనక్కి తగ్గుతాను. భుజాల దగ్గరా తగ్గాల్సిందే. ముప్పై దాటకముందే అతని నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, రెండు కళ్ళలోనూ, పల్చబడి మొన తేలింది. ఒక దీపం నాలుగై కనిపించేది. తిన్నటి గీత మెలిక తిరిగేది. కత్తిరించే పని భార్య చేతికి పోయింది. అతను మిషను ముందు కూర్చుని, వేలికి తగిలే అంచును నమ్ముకుని కుట్టేవాడు. అతనికి కావలసింది ఒక్కటే: మళ్ళీ కట్టింగు బల్ల ముందు నిలబడి, చేత్తో సుద్ద పట్టాలి.

ముందు ఒక కంటికే ఆపరేషను చేద్దామంది డాక్టరమ్మ.

"పై పొరలు తీసేసి, ఎవరో దానమిచ్చిన పొర కుడతాం. అన్నిటికన్నా లోపలిది నీదే ఉంచుతాం. అప్పుడు ఒంటికి కొత్తది పడకపోయే భయం తక్కువ."

"అర్థమైందమ్మా. లైనింగు నాది, పైబట్ట ఆ పుణ్యాత్ముడిది."

"అంతే. కానీ కట్టు విప్పగానే అంతా తళతళలాడిపోదు. కుట్లన్నీ తీసేసరికి ఏడాది దాటొచ్చు. ఆ తర్వాతా కళ్ళజోడు తప్పదు. కన్ను మాత్రం నలిపావో, నేనూరుకోను!"

నలపడం అతనికి చిన్నప్పటి అలవాటు. ఆపరేషనయ్యాక కూడా మధ్యాహ్నం కునుకులో చెయ్యి దానంతటదే కంటి మీదికి పాకేది. అందుకని భార్య పని ఆపుకుని పక్కన పడుకునేది. కొలతటేపుతో అతని మణికట్టును తన మణికట్టుకు ముడేసేది.

"దొంగను కట్టేసినట్టు కట్టేశావేమే?"

"మీ చెయ్యి దొంగదే కదండీ. నోర్మూసుకుని పడుకోండి."

కుట్లు తీశారు. కళ్ళజోడు వచ్చింది. భార్య తమ్ముడు ధైర్యం చేసి చొక్కాబట్ట తెచ్చాడు. దర్జీ తనే గీసి, తనే కత్తిరించి కుట్టాడు. తీరా తొడుక్కుంటే, గుండీల పట్టీ గొంతు దగ్గర బయల్దేరి, బొడ్డును తప్పించుకుని, పక్కటెముకల వైపు వెళ్ళిపోయింది.

"బావా, ఇది చొక్కానా, పిల్లకాలువా?"

దర్జీ నవ్వలేదు. కత్తెర సొరుగులో పడేశాడు. "ఇంక నా వల్ల కాదు. ఎవరో పోతూ పోతూ ఇచ్చింది, నా దగ్గరికొచ్చి వృథా అయిపోయింది."

భార్య మిగిలిన బట్టముక్క తెచ్చి పరిచింది. దాని మీద అతను గీసిన సుద్దగీత ఇంకా చెరగలేదు.

"ఆపరేషనైన కన్ను మూయండి. గీత ఎలా ఉంది?"

"తిన్నగా."

"ఇప్పుడది తెరిచి, రెండోది మూయండి."

అతను చాలాసేపు చూశాడు. "వంకర."

"గీసేటప్పుడూ ఇలాగే కనిపించిందా?"

"కనిపించింది. నిన్నగాక మొన్న వచ్చిన కన్ను, దీనికేం తెలుసులే అని..."

"పాతదాని మాట విన్నారు!"

"అంటే నా చొక్కా కొంప ముంచింది పాత చుట్టరికమన్నమాట," అన్నాడు బావమరిది, పట్టీ సర్దుకుంటూ.

ఆమె అరచేత్తో అతని పాత కన్ను కప్పింది. అతను సుద్ద తీసుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా గీశాడు. ఎలా ఉందని అడగబోయి ఆగిపోయాడు. తనకే కనిపిస్తోంది.

"రెండో కంటికి ఎప్పుడు రమ్మందే డాక్టరమ్మ?" అన్నాడు.

ఇందులో ఒకటి నేను కల్పించాను. దోమ సంగతి కాదు, అది మీరు ఎప్పుడో పట్టేసుంటారు. కొలతటేపు. అది ఆ రోజుల్లో గోడ మేకు మీంచి దిగనేలేదు. ఆమె అతని చెయ్యి ఊరికే పట్టుకుని పడుకునేది. అలా చెబితే ఇద్దరూ సిగ్గుపడతారని నేనే టేపు చుట్టాను.