జతపరచినవి: చేతులు రెండు

నేను ఒక చేతుల్లేని డ్రెస్సుని. ఈ మాట వినగానే మీరు ఏమనుకున్నారో నాకు తెలుసు. అనుకోండి. పుట్టిన దగ్గర్నుంచీ అదే వింటున్నాను, ఇంకోసారి వింటే నా రంగేమీ వెలిసిపోదు. కానీ నా కథంతా విన్నాక కూడా అదే అన్నారంటే మాత్రం మీకూ నాకూ మాటల్లేవు.

మందపాటి బట్ట నాది. వక్కపొడి రంగు. మోకాళ్ళు దాటి పిక్కల దాకా వస్తాను. అటొకటీ ఇటొకటీ లోతైన జేబులు కూడా ఉన్నాయి. ఎక్కడో ఊరవతల రేకుల షెడ్డులో ఒకామె నన్ను కుట్టింది. కుడుతున్నంతసేపూ పక్క మిషనామెతో వాళ్ళ ఆడపడుచుని ఆడిపోసుకుంటూనే ఉంది గానీ, నా కుట్టు ఒక్కచోట కూడా వంకర పోలేదు. పని తెలిసిన మనిషి.

నాకు చేతులు లేవనడం పూర్తి నిజం కాదు. ఉన్నాయి, విడిగా ఉన్నాయి. నా బట్టలోంచే కత్తిరించిన రెండు చేతుల్ని చిన్న ప్లాస్టిక్ కవరులో మడిచి, లోపలివైపు నడుము దగ్గర పిన్ను గుచ్చి పెట్టారు. నాలాంటి రెడీమేడ్ వాళ్ళందరికీ ఇదే ఏర్పాటు. కొనుక్కున్నామెకు ఇష్టమైతే కుట్టించుకుంటుంది, లేకపోతే లేదు. ఇష్టం కొనుక్కున్నామెది. అంతకంటే తేలికైన సంగతి లోకంలో ఇంకోటి ఉండదని నేననుకున్నాను. ఆదిలాబాద్ వెళ్ళేదాకా అలాగే అనుకున్నాను.

ఆదిలాబాద్ చలి మీకు తెలుసో తెలియదో. డిసెంబరు పొద్దున అక్కడ నల్లా కింద చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఎండెక్కినా గోడలు మాత్రం చల్లగానే ఉంటాయి. ఆ ఊరి బజారులో ఒక బట్టల దుకాణంలో నేను వేలాడుతుండగా నవంబరు నెలలో, మిట్టమధ్యాహ్నం, మెడ దాకా మూసుకునే నల్లటి ఊలు స్వెట్టరు తొడుక్కుని ఒకావిడ లోపలికొచ్చింది. ముప్పై ఏళ్ళు దాటవు. ముక్కు మీద చెమట. ఆవిడే గుండేటి నవనీత.

"అక్కా, ఇంత ఎండల స్వెట్టరేందక్కా?" అని దుకాణంలో అమ్మాయి నవ్వింది.

"దీని మీదికే కావాలె చెల్లె. దీని మీద ఏస్కొని చూస్తెనే తెలుస్తది," అంది నవనీత.

బట్టలు చాలామంది ఎంచుతారు. అద్దంలో ముందుకోసారి, వెనక్కోసారి తిరిగి, రంగు నప్పిందా లేదా చూసుకుని పోతారు. నవనీత అలా కాదు. ఒక్కోటీ ఆ స్వెట్టరు మీద తొడుక్కుని రెండు చేతులూ నెత్తి మీదికెత్తింది. గొంతుక్కూర్చుంది. పైనున్నదేదో లాగుతున్నట్టు గాలిలో లాగింది. మొదటిదానికి చంక దగ్గర కోత చిన్నది, స్వెట్టరంతా అక్కడే ఉండలు కట్టింది. ఇంకొకటి పలచన, ఊలుకి అతుక్కుని కాళ్ళకు చుట్టుకుంది. ఒకదానికి మెడ చుట్టూ పూసలున్నాయి, అవి ఎక్కడో ఒకచోట పట్టుకుంటాయని పక్కన పెట్టేసింది. బాగున్న ఇంకోదానికి జేబుల్లేవు. ఆరింటిని కాదన్నాక నన్ను దింపమంది. నా చంక కోత లోతుగా ఉంటుంది, భుజం పట్టీ వెడల్పు. ఆవిడ చేతులెత్తింది, నేను అడ్డుపడలేదు. మళ్ళీ ఎత్తింది. మొదటిసారి నవ్వింది.

"చేతులు లోపలున్నయక్కా. పక్కకే టైలరున్నడు, పది నిమిషాల్ల ఏస్తడు."

"వద్దు చెల్లె. చేతుల్లేకుంటెనే నా పని నడుస్తది."

ఆ మాటతో నేను ఆవిడ దాన్నైపోయాను.

ఆవిడ పనేమిటో చెబుతాను. పత్తి రైతుల సహకార సంఘం ఒకదానిలో రికార్డు రూము చూసుకునే ఉద్యోగం. సంఘం పేరు చెప్పను, చెబితే నాకు కూడా మెమో ఇస్తారు. నలభై ఏళ్ళ కాగితాలు, కప్పుదాకా ఇనప అరలు, అద్దాలు పగిలిన ఉత్తరపు కిటికీ. తెల్లగుడ్డ చుట్టిన కట్టలు ఐదేళ్ళకు చింపేయవలసినవి, ఎర్రగుడ్డ చుట్టినవి ఎప్పటికీ ఉంచవలసినవి. నవనీత చేరేనాటికి తెలుపూ ఎరుపూ అన్నీ కలిసి కుప్పలుగా పడున్నాయట. ఒక్క కాగితం కోసం రైతు రెండు రోజులు తిరిగేవాడు. ఆవిడ పది నెలల్లో అన్నిటికీ నంబర్లు వేసి, అరలకెక్కించి, అడిగిన పది నిమిషాల్లో చేతిలో పెట్టే స్థితికి తెచ్చింది. కిందటి చలికాలం శాలువా కప్పుకుంటే అది అరకు పట్టుకుని కట్టను మీదికి లాగింది. కోటేసుకుంటే భుజాలు బిగుసుకుని నిచ్చెన రెండో మెట్టు మీంచి జారింది. అందుకే ఈసారి బుద్ధిగా ఆలోచించి ఈ ఏర్పాటు చేసుకుంది: లోపల వెచ్చగా ఊలు, పైన దుమ్ముకి నేను, చేతులకు స్వేచ్ఛ.

జనవరి ఆఖరుకి ఏడాది పూర్తవుతుంది. మేనేజరు సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంటు. పర్మనెంటైతే ఒక గది తీసుకుని, నిర్మల్‌లో అక్క దగ్గరున్న ఐదేళ్ళ కూతురు శ్రీజని తెచ్చుకుని, జూన్‌లో ఇక్కడే బడిలో వేయాలి. భర్త లేడు. ఎందుకు లేడో ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు. శ్రీజ ఫోటో ఒకటి నా కుడి జేబులో ఎప్పుడూ ఉండేది.

ఇప్పుడు మేనేజరు వామన్ రావు గారి దగ్గరికి రండి. ఈయన గురించి చెప్పాలంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. చలికాలమంతా ఆయన ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, దాని మీద బూడిదరంగు స్వెట్టరు వేసుకునేవాడు. ఆ స్వెట్టరుకి చేతుల్లేవు. సరిగ్గా విన్నారా? చేతుల్లేవు. లోపల ఫుల్ చేతులు, పైన చేతుల్లేనిది. ఆయనొక్కడే కాదు, ఆ ఆఫీసులో మగవాళ్ళు ఐదుగురూ అదే వరస. నన్ను తొడుక్కుని నవనీత మొదటిరోజు లోపలికెళ్ళినప్పుడు వాటిని చూసి, ఇక్కడ నా చుట్టాలు చాలామందే ఉన్నారని సంబరపడ్డాను. అంత అమాయకంగా ఉండేదాన్ని.

మూడు వారాలు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత ఒకరోజు మేనేజరు గదికి ఫైలు తీసుకెళ్తే, ఆయన ఫైలు చూడకుండా నా భుజం చూశాడు.

"నవనీతా, గిది స్లీవ్‌లెస్ గాదా?"

"సార్, లోపల మణికట్టు దాంక స్వెట్టరున్నది."

"లోపల ఏమున్నదని నేనడుగుతలేను. డ్రెస్సుకు చేతులున్నయా, లేవా?"

"లేవు సార్."

"మరి? ఇది ఆఫీసనుకున్నవా, పెండ్లి బరాతనుకున్నవా?"

అంటూ తన చేతుల్లేని స్వెట్టరుని కిందికి లాగి సర్దుకున్నాడు. నా ఎదురుగా, సిగ్గులేకుండా. మర్నాడు మెమో వచ్చింది. 'తాము స్లీవ్‌లెస్ దుస్తులు ధరించి విధులకు హాజరగుచున్నట్లు గమనించడమైనది. మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను.' నన్ను గమనించారు, లోపలి ఊలుని గమనించలేదు. నలభై ఏళ్ళ చెత్తని ఆవిడ అరలకెక్కించినా పది నెలలుగా ఎవరూ గమనించలేదు.

అటెండరు గంగుబాయి మెమో పట్టుకొచ్చింది. యాభై దాటిన మనిషి, నవనీతంటే ప్రాణం. "రెండు చేతులు కుట్టేయించుకో బిడ్డా," అంది. "గాయనకు కావల్సింది గదే గద. సంతకం అయ్యేదాంక పంతం పట్టకు. నీ పోరి మొకం సూడు."

నవనీత జేబులోని ఫోటో తీసి చూసింది. ఆ సాయంత్రమే టైలరు దగ్గరికెళ్ళింది. కవరులో చేతులు బయటికొచ్చాయి, నాకు అతికాయి. నన్నెవరూ అడగలేదు. నా చేతుల మీద నాకు ద్వేషమేమీ లేదు, అవీ నా బట్టే. కానీ లోపల అంత లావు ఊలు పెట్టుకుని, దాని మీద మందపాటి చెయ్యి తొడిగితే చంక దగ్గర చోటెక్కడుంటుంది? కొట్టు వదిలి వస్తున్నప్పుడే బిగుతు తెలిసింది. నవనీత పళ్ళు బిగబట్టుకుంది.

మర్నాడు పదకొండు గంటలకు ఇంద్రవెల్లి నుంచి ఒక రైతు వచ్చాడు. పాత వాటా కాగితం కావాలి, అది పై అరలో ఉంది. నవనీత నిచ్చెనెక్కి చేతులెత్తింది. భుజం దాకా లేచాయి, అంతే. ఇంకాస్త సాగబోతే నేను పట్టుకున్నాను. కావాలని పట్టుకోలేదు, నమ్మండి, నన్నలా కుట్టారు. వేళ్ళ చివర్లతో లాగిన కట్ట ఆవిడ నుదుటికి తగిలి కింద పడింది. కాగితాలు గదంతా చెదిరాయి. ఆవిడ అరను పట్టుకుని ఎలాగో పడకుండా నిలిచింది గానీ, కనుబొమ్మ పైన కొట్టుకుని అప్పటికప్పుడే బొప్పి కట్టింది.

చప్పుడు విని మేనేజరు గుమ్మం దాకా వచ్చాడు. కింద చెదిరిన కాగితాలు చూశాడు. నిచ్చెన మీద నుదురు పట్టుకున్న మనిషిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు, నా చేతుల్ని చూశాడు.

"ఆఁ, ఇప్పుడు మంచిగున్నది," అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

ఆ మాట అన్నది ఆయనే. నేను కల్పించలేదు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది, అరికాలూ నెత్తీ లేనిదాన్ని. నవనీత కిందికి దిగింది. ముందు రైతుకి కాగితం వెతికిచ్చి పంపింది. తర్వాత తలుపు గడియ పెట్టి, నన్ను విప్పి ఒళ్ళో వేసుకుని, ఫైళ్ళు కుట్టే దబ్బనంతో చంకల కుట్లు ఒక్కొక్కటే ఊడదీసింది. తొందరపడలేదు. నా బట్ట ఎక్కడా చిరగలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి, నన్ను మళ్ళీ తొడుక్కుని సంజాయిషీ రాసింది. ఆవిడ రాస్తుంటే బల్ల అంచుకి ఆనుకుని నేను ప్రతి మాటా చదివాను.

'తమరి మెమోకు సంజాయిషీ. నేను ధరించిన డ్రెస్సుకు చేతులు లేని మాట వాస్తవం. దాని లోపల మణికట్టు దాకా ఊలు స్వెట్టరు ఉన్న మాట కూడా వాస్తవం. మన ఆఫీసులో చేతులు లేని స్వెట్టర్లు ధరించి విధులకు హాజరగుచున్నవారు తమరితో కలిపి ఐదుగురు. నా వద్ద ఉన్నది ఒక జత మాత్రమే. కావున ముందుగా తమరు స్వీకరించవలసిందిగా మనవి. జతపరచినవి: చేతులు, రెండు.'

స్టేప్లరు పిన్ను నా బట్టలో దిగలేదు. దబ్బనంతోనే, ఫైలు దారంతోనే, ఆ కాగితానికి నా చేతులు కుట్టింది. అలాంటి కుట్టు నాకు ఇంకెవరూ వేయలేదు.

గంగుబాయి దాన్ని రెండు చేతులా పట్టుకుని మేనేజరు గదికి తీసుకెళ్ళింది. సంగతి ఆఫీసంతా పాకింది. మర్నాడు నలుగురు గుమాస్తాలూ స్వెట్టర్లు ఇంట్లో వదిలేసి వచ్చి, రోజంతా అరచేతులు రుద్దుకుంటూ వణికారు. స్వెట్టర్లు విప్పారు గానీ నోరు విప్పలేదు. ఆవిడన్నదాంట్లో తప్పేముంది సార్ అని, కనీసం టీ తాగేటప్పుడైనా, ఒక్కడూ అనలేదు. మేనేజరు మాత్రం కోటు కొనుక్కున్నాడు. దానికి చేతులున్నాయి.

జనవరి ఆఖరున సంతకం పడింది, వేరే కాగితం మీద. క్రమశిక్షణ లేని కారణంగా సేవలు ఇకపై అవసరం లేదని. నవనీత చదివి మడిచి నా ఎడమ జేబులో పెట్టుకుంది. కుడి జేబులో శ్రీజ ఉంది.

ఆఖరిరోజు సాయంత్రం ఆవిడ కేసు ఫైలు రికార్డు రూముకి వచ్చింది. దాన్ని దాచవలసిన ఉద్యోగి ఆ ఆఫీసులో ఆవిడొక్కతే మరి. మెమో, సంజాయిషీ, ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం, మధ్యలో మడత పెట్టిన నా చేతులు. గంగుబాయి కళ్ళు తుడుచుకుంటూ, "గది నాకియ్యి బిడ్డా, పొయ్యిల పెడ్త," అంది.

"వద్దు గంగక్కా. క్రమశిక్షణ ఫైళ్ళు చింపొద్దని వాళ్ళే రాసుకున్నరు. ఎర్రగుడ్డ ఇటు తే."

ఎర్రగుడ్డ చుట్టింది. నంబరు వేసింది. రిజిస్టరులో ఎక్కించింది. నిచ్చెనెక్కి, రెండు చేతులూ బారుగా చాపి, అన్నిటికంటే పై అరలో పెట్టింది. నేను ఎక్కడా అడ్డుపడలేదు. ఆ ఆఫీసులో నేను ఆవిడకు చేసిన ఆఖరి సాయం అదే.

ఇప్పుడు నేను నిర్మల్‌లో, వాళ్ళక్క ఇంట్లో, ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఉన్నాను. నవనీత ఒక దుకాణంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి ఉద్యోగం చేస్తోంది. అక్కడ వాళ్ళిచ్చిన చీరే కట్టుకోవాలి. అక్క ఇంట్లో, అక్క పిల్లల పక్కనే, శ్రీజ బడికెళ్తోంది. సొంత గది మాట ఎవరూ ఎత్తడం లేదు. మొన్న గంగుబాయి ఫోన్ చేసింది. రికార్డు రూములో మళ్ళీ తెలుపూ ఎరుపూ కలిసిపోయాయట, రైతులు మళ్ళీ రెండు రోజులు తిరుగుతున్నారట. పై అర మాత్రం అలాగే ఉందట, అంతెత్తుకి ఎవరి చేతులూ అందడం లేదట.

అందకపోతే మంచిదే. ఎర్రగుడ్డలో ఉన్నంతకాలం వాటినెవరూ కదపలేరు, అది వాళ్ళు రాసుకున్న రూలే. నవనీతకి ఇవ్వని పర్మనెంటు నా చేతులకిచ్చారు.