సత్తిరాజు పట్టుకోలేని చప్పుడు

“ఏడున్నరకైనా కదలకపోతే అన్నవరంలో వ్రతానికి అందుకోలేం. వెళ్ళొచ్చా వద్దా, ఒక్క మాట చెప్పు సత్తిరాజూ,” అన్నాడు సూర్యరాజు వాచీ చూసుకుంటూ.

మెకానిక్ సత్తిరాజు బానెట్ కింద వంగి ఉన్నాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటున్నాడు. భీమవరంలో ఏ బండి మూలిగినా అతను ఇలా విని రోగం చెప్పేసేవాడు. కానీ ఇది అలాంటి బండి కాదు. రొయ్యలు కలిసొచ్చిన ఏడాది సూర్యరాజు బొంబాయి నుంచి తెప్పించుకున్న విదేశీ కారు. ఇంజన్ పక్కనే సూపర్‌చార్జర్ అని ఒక ఇనప పెట్టె ఉంది. బెల్టుతో తిరుగుతూ, గాలిని కూరి కూరి ఇంజన్లోకి తోస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే సన్నగా కూత పెడుతుంది. ఆ కూత మామూలే. ఇవాళ దాని వెనక ఇంకొకటి వినిపిస్తోంది, నిద్రలో ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు.

గరగర బెల్టుదైతే తడికి ఆగాలని, దాని మీద నీళ్ళు చల్లాడు. గరగర ఆగిపోయింది. మళ్ళీ రేజ్ చేశాడు. రాలేదు.

“బెల్టేనండి. కాస్త బిగిస్తాను. ఇంక వెళ్ళిరండి.”

ముందు సీట్లోంచి ఆయన భార్య సూర్యకాంతమ్మ తల బయటకి పెట్టింది. “నిజంగా పర్లేదా? ఈయన నా మాటైతే చెవిన పెట్టరు. నువ్వు వద్దంటే ఆగుతారు.”

“పర్లేదమ్మగారూ.”

కారు అత్తిలి రోడ్డెక్కింది.

పావుగంట తర్వాత బుల్లబ్బాయి వచ్చాడు. సూర్యరాజు రొయ్యల చెరువుల మీద అజమాయిషీ అంతా అతనిదే.

“కారెళ్ళిపోయిందా? వల బానే ఆగిందా అండి?”

“ఏం వల?”

“ఆయ్, మాసూళ్ళు కదండీ, నూర్పిళ్ళతో ఊరంతా ఊకదుమ్ము. నిన్న కారు తుడుస్తా చూస్తే గాలి పెట్టెలో కాగితం ఫిల్టర్ మూసుకుపోయింది. తీసి పారేసి, చెరువు తూముకి కడతాం చూడండి, ఆ వల ముక్కొకటి గొట్టం మూతికి కట్టేశాను. చేపగుడ్డే దూరదు, దుమ్మేం దూరుద్ది?” గర్వంగా చెప్పాడు బుల్లబ్బాయి.

“దేంతో కట్టావ్?”

“ఇనప తీగతోనండి. గట్టిగా నాలుగు చుట్లేశాను.”

సత్తిరాజు స్పానర్ అవతల పడేసి లేచాడు.

ఇంజన్లో అన్నిటికీ చెవి ఆనించాడు. గాలి లోపలికెళ్ళే పెట్టె మూత మాత్రం తియ్యలేదు. చప్పుడు ఆగింది నీళ్ళ వల్ల కాదు. గాలి లోపలికి లాక్కుపోతున్న తీగ ఒక్క క్షణం పక్కకి తప్పుకుంది, అంతే. సూపర్‌చార్జర్లో తిరిగే రెండు రోటర్ల మధ్య వెంట్రుక పట్టేంత సందు కూడా ఉండదు. అందులో తీగ పడితే రోటర్లు బిగుసుకుపోతాయి, బెల్టు తెగుతుంది. స్టీరింగ్‌ని తేలిక చేసే పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది. అంటే ఆ క్షణం నుంచీ స్టీరింగ్ బండరాయే. అత్తిలి రోడ్డుకి ఎడమ పక్కన నిండు కాలవ. మలుపుల్లో గోడ కూడా లేదు.

“రాజుగారి సెల్‌కి కొట్టు.”

“కొడతానే ఉన్నానండి. కాలవ రోడ్డులో సిగ్నల్ ఉండదు.”

రిపేరుకొచ్చిన బుల్లెట్ ఒకటి షెడ్డు ముందుంది. సత్తిరాజు కిక్ కొట్టాడు. బుల్లబ్బాయి వెనక ఎక్కి అతని చొక్కా పట్టుకున్నాడు.

రైలు గేటు పడి ఉంటే చాలనుకున్నాడు సత్తిరాజు. గేటు బార్లా తెరిచి ఉంది.

“నల్ల కారా? గేటెత్తేదాకా ఇక్కడే ఆగిందిగా. ఇప్పుడే పోయింది, ఈల వేసుకుంటా,” అన్నాడు గేట్‌మేన్.

రెండు మైళ్ళు దాటాక కారు కనపడింది. సత్తిరాజు హారన్ మీద బొటనవేలు తియ్యకుండా నొక్కాడు. కారు ముందుకి దూకింది.

ఆ రోడ్డు మీద వెనక బండికి దారివ్వడం సూర్యరాజుకి నామోషీ. వెనక దుమ్ములో వస్తున్నదెవరో అద్దంలో పోల్చుకోలేదు. ఎవడో పందేనికొచ్చాడనుకున్నాడు. కూత పెరిగింది. ఆ కూతలో గరగర ఇంత దూరానికీ వినిపిస్తోంది.

“ఇంకా కొట్టండి హారన్! అందుకుంటాం!” అరిచాడు బుల్లబ్బాయి.

అప్పుడు తట్టింది సత్తిరాజుకి. తను ఎంత తరిమితే ఆయన అంత తొక్కుతాడు. ఎంత తొక్కితే తీగ అంత లోపలికి పోతుంది. ముందు పెద్ద మలుపుంది.

బ్రేక్ వేశాడు. బుల్లెట్‌ని పక్కకి దింపి ఇంజన్ ఆపేశాడు.

“ఆగారేంటండి? వాళ్ళు చచ్చిపోతారండీ.”

“మనం తరిమితే చస్తారు.”

“మరి తరమకపోతే?”

సత్తిరాజు బుల్లెట్ దిగి కారు వైపు చూశాడు. కారు చిన్నదవుతోంది. మలుపు దగ్గర పడుతోంది. కూత మాత్రం తగ్గడం లేదు. తన చెవుల్లోనే మిగిలిపోయిందేమో అనుకున్నాడు. అంతలో కూత దిగింది. కారు నెమ్మదించింది. నడకకి దగ్గరైంది.

ఠప్పున చప్పుడు.

కారు మలుపు తిరగలేదు. నేరుగా గట్టు మీదకి పోయి, ఒక చక్రం గడ్డిలో దిగబడి ఆగింది.

ఇద్దరూ పరిగెత్తారు. సూర్యరాజు రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. సూర్యకాంతమ్మ తన వైపు తలుపు తెరవబోయి, కిందకి చూసి, చెయ్యి వెనక్కి లాక్కుంది. కింద నీళ్ళే ఉన్నాయి.

“ఇటు నుంచి దిగండమ్మగారూ, మెల్లిగా,” అన్నాడు సత్తిరాజు.

ఇద్దరూ దిగాక సూర్యరాజు సత్తిరాజు వైపు తిరిగాడు. “వెనక నువ్వా? ఎవడో చేతకాక ఆగిపోయాడని నవ్వుకుంటా యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. అంతలో స్టీరింగ్ బిగిసిపోయింది.”

సత్తిరాజు బానెట్ ఎత్తి గాలి పెట్టె మూత ఊడదీశాడు. గొట్టం మూతికి చిరిగిన నీలం వల పీలికలు వేలాడుతున్నాయి. తీగ లేదు.

అది తన చెరువు తూము వలేనని సూర్యరాజుకి అర్థమైంది. బుల్లబ్బాయి మీదకి చెయ్యెత్తాడు.

“అతన్నేం అనకండి,” అడ్డమొచ్చాడు సత్తిరాజు. “అతనికి తెలీదు. ఈ మూత తీసి చూడాల్సినోణ్ణి నేను. చూడకుండానే వెళ్ళమన్నాను.”

సూర్యరాజు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఎవరిని కొట్టాలో తేలక మెల్లిగా దించేశాడు.

దూరంగా తణుకు బస్సు వస్తోంది. సూర్యకాంతమ్మ పూజసామాను సంచి తీసుకుని, రోడ్డు మధ్యకెళ్ళి చెయ్యెత్తి నిలబడింది.

“మీరు చూసుకుని రండి,” అంది భర్తతో. “నేను దీంట్లో పోతాను.”